వంటగది గోడలో చెమ్మ

గడ్డితో ఇల్లేంటని వీధంతా నవ్వినా, అన్నయ్య ఉన్నాడన్న ధీమాతో చెల్లెలు పనికి దిగింది. ఎందుకు దిగదు మరి! అలాంటి ఇళ్లు కట్టడంలో ఆయన చెయ్యి తిరిగిన మేస్త్రి. కూల్చేసిన బడి నుంచి తలుపులు, మూతపడిన ఆసుపత్రి నుంచి కిటికీలు బతిమాలి తెచ్చాడు. ఏ కిటికీకీ ఇంకో కిటికీతో పొంతన లేదు. అయినా ఇటుకల్లా పేర్చిన గడ్డికట్టల మధ్య అన్నీ బుద్ధిగా ఒదిగిపోయాయి. ఒక్క కట్ట చెమ్మగా ఉన్నా మట్టిపూత కింద గోడంతా కుళ్లిపోతుంది. అందుకే ప్రతి కట్టనీ వాసన చూసి గానీ పేర్చడని ఆయనకు పేరు.

గోడలు లేచాయి, తెల్లారితే మట్టిపూత. టీ పట్టుకొచ్చిన చెల్లెలు వంటగది గోడ దగ్గర ఠక్కున ఆగిపోయింది.

"అన్నయ్యా, ఇక్కడేదో ముక్కిన వాసన."

"నీ మొహం! కొత్త గడ్డి అలాగే ఉంటుంది."

ఆమె ఊరుకునే రకమా? రెండు కట్టల సందులో మోచేతి దాకా చెయ్యి దూర్చింది. బయటికి తీసేసరికి వేళ్ల నిండా నల్లటి తడి గడ్డి.

అన్నయ్య మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. ఆ గడ్డి అందుకుని ముక్కుకు ఆనించుకున్నాడు.

"మొన్నామధ్య జ్వరం వచ్చి తగ్గిన దగ్గర్నుంచీ నాకు వాసన తెలియడం లేదే. మీ వదినక్కూడా చెప్పలేదు. బయటపడితే నాకు పనెవరిస్తారు?"

"అందుకా, మొన్న మాడిన కూర లొట్టలేసుకుంటూ తిన్నావు! నా వంట బాగుపడిందని మురిసి చచ్చాను."

నవ్వబోయి ఏడ్చేశాడాయన. ఆమెకు కోపం రావాలి. వచ్చింది కూడా, ఇల్లు కదా! కానీ అంత మనిషి వెక్కుతుంటే ఆ కోపం నిలిస్తేగా.

"వేరే మేస్త్రిని చూసుకోవే" అన్నాడు.

"చాల్లే సంబడం. ముందు గోడ దించు. నువ్వు ఎత్తిపట్టు, నేను వాసన చూస్తా."

కప్పు బరువు స్తంభాల మీద ఉంది కాబట్టి సరిపోయింది. ఒక్కో కట్టా ఆయన ఎత్తిపట్టడం, ఆమె ముక్కు ఆనించడం. కుళ్లినవి మూడో నాలుగో బయటికి పోయాయి. మిగతావన్నీ నిక్షేపంగా ఉన్నాయి.

"ఇది బాగుంది, పక్కన పెట్టు" అందామె ఒక కట్ట దగ్గర.

ఆయన పెట్టలేదు. "బాగుందంటే? ఎలా ఉందే?"

ఆమె మళ్లీ వాసన చూసింది. "పొడిగా... ఎండలో ఆరేసిన దుప్పటిలా ఉంది."

కట్టను అలాగే గుండెకు పట్టుకుని ఆయన కళ్లు మూసుకున్నాడు.

"ఇంకా చెప్పు" అన్నాడు.