కోడలి చీటీ

చర్చిలో ప్రభువు బల్ల రోజున ద్రాక్షరసం పంచే గ్లాసులు కడగడమంటే మాటలు కాదు. బొటనవేలంత గ్లాసులు నూట నలభై. అడుగున ద్రాక్షరసం ఎండిపోతే వేలు దూరదు, పుల్లకి గుడ్డ చుట్టి తిప్పాలి. ఇరవై ఆరేళ్ళుగా అదే నా సేవ. మా ఆయన సంఘ కార్యదర్శి. "మా ఇంటావిడ భక్తంతా కుళాయి దగ్గరేనండీ" అని పాస్టరుగారి ముందు నవ్వుతుంటారు. నేనూ నవ్వేదాన్ని, ఏడవలేక.

ఏడాది చివర మా సంఘంలో ఎవరికి వాళ్ళు చేయదలచిన సేవ చీటీ మీద రాసి పెట్టెలో వేస్తారు. జాబితా తయారుచేయాల్సింది కార్యదర్శి. రాసేది మాత్రం నేను, ఆయన రాత కోడి కెలికినట్టుంటుంది మరి. ఆ శనివారం చీటీలు ముందేసుకుని కూర్చున్నాను. ఒకరు కుర్చీలు సర్దుతానన్నారు, ఇంకొకరు పాటల బృందమన్నారు. తర్వాతది మా కోడలిది. "ఆరాధనలో బైబిలు వాక్యం చదువుతాను" అని రాసింది.

దాచడమెందుకు, కడుపు మండింది. నిన్నగాక మొన్న వచ్చింది, అప్పుడే వేదికెక్కాలా? నీళ్ళలో నాని నా చేతులు పాచిపోతుంటే ఈవిడ ఇస్త్రీ బట్టలేసుకుని మైకు ముందు నిలబడుతుందా? మా అత్తగారు నన్ను కుళాయి దగ్గర నిలబెట్టిన రోజున నేనేమైనా అన్నానా? ఇలా గొణుక్కుంటూనే దాని పేరు 'గ్లాసులు, శుభ్రత' కింద రాసేశాను. చీటీ చింపి చెత్తబుట్టలో వేశాను.

ఆదివారం మా ఆయన జాబితా చదివారు. అది రాసిందెవరో కోడలికి తెలుసు. ఒక్కసారి నా వైపు చూసింది. ఆరాధన అయ్యాక వచ్చి నా పక్కన నిలబడి గ్లాసులు అందుకుంది. నేనేమో తగుదునమ్మా అని, పుల్ల ఎలా తిప్పాలో నేర్పబోయాను.

"తెలుసత్తయ్యా, చూస్తూనే ఉన్నాగా" అంది మెల్లగా. "పొద్దున్నే వంటింట్లో మీరు వాక్యం చదువుకుంటుంటే వింటుంటాను. ఎంత బాగా చదువుతారో. ముందు నేను మొదలుపెడితే, తర్వాత మిమ్మల్నీ మైకు దగ్గరికి లాక్కెళ్ళొచ్చు అనుకున్నాను."

నాకు తల కొట్టేసినట్టయింది. ఒక్క మాట తిట్టినా బాగుండేది. మా అత్తగారి మీద ఇన్నేళ్ళు ఎంత ఉక్రోషం మోశానో, ఆవిడ చేసిన పనే నేనూ చేశాను, అదీ దొంగచాటుగా. వారం గడవకముందే మా ఆయనతో చెప్పేశాను. ఆయన విసుక్కుని, పొరపాటు జరిగిందని చెప్పి తను సర్దేస్తానన్నారు, నన్ను మాత్రం ఎక్కడా బయటపడొద్దన్నారు. కార్యదర్శి భార్య ఇలాంటి పని చేసిందంటే తన పరువేం కావాలట.

మరుసటి ఆదివారం ప్రకటనల వేళ ఆయన లేచి, జాబితాలో చిన్న పొరపాటు దొర్లిందని మొదలుపెట్టారు. కోడలు తల వంచుకుని కూర్చుంది. నేను లేచి ముందుకు నడిచాను. ఆయన కళ్ళతోనే వద్దంటున్నారు. వెళ్ళి ఆయన చేతిలోంచి మైకు తీసుకున్నాను.

"పొరపాటు కాదండీ. కావాలనే మార్చాను, నేనే."

ఇరవై ఆరేళ్ళలో ఆ మందిరంలో అందరికీ వినబడేలా నేనన్న మొదటి మాట అది.