'ఆరు తీగలు' మూతపడిన ఆదివారం

భానుచందర్ నడిపే సైటు పేరు 'ఆరు తీగలు'. అందులో తెలుగులో గిటార్ పాఠాలుంటాయి. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక గల్లీలో, అద్దె ఇంటి రెండో అంతస్తులో, పడకగది గోడకు దుప్పటి కట్టి, దాని ముందు స్టూలు వేసుకుని, మొహం పడకుండా చేతులు మాత్రమే కనిపించేలా ఆ పాఠాల వీడియోలు రికార్డు చేసేవాడు. పగలు బేగంపేటలో ఒక ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగం. సిద్దిపేటలో మగ్గం నేసే ఇంట్లో పుట్టినవాడికి గిటార్ నేర్పేవాళ్లెవరూ దొరకలేదు. తప్పులు చేస్తూ ఒక్కడే నేర్చుకున్నాడు. ఆ తప్పులు ఇంకొకళ్లు చేయకూడదని పెట్టిన సైటు అది. పెళ్లికి ముందు మొదలుపెట్టింది, జుట్టు నెరిసేదాకా నడిచింది.

ఈ మధ్య చూసేవాళ్లు తగ్గారు. దానికి తోడు సైటు పాతబడిపోయింది. ఎప్పుడో కట్టించిన సాఫ్ట్‌వేర్ ఇక తమ సర్వర్ల మీద నడవదని, సైటుకు చోటు అద్దెకిచ్చే కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. మళ్లీ మొదటి నుంచి కట్టే ఓపిక అతనికి లేదు. జూలై ఆఖరి ఆదివారం సాయంత్రం ఆరింటికి సైటు మూసేస్తున్నానని, ఆ మధ్యాహ్నమంతా కూర్చుని అందరికీ జవాబులు రాస్తానని ప్రకటించాడు.

మర్నాటి నుంచి పాఠాల కింద వీడ్కోలు మాటలు మొదలయ్యాయి. ఎవరెవరో రాశారు. పెళ్లిలో వాయించామన్నారు, పిల్లలకు నేర్పామన్నారు. భానుచందర్ ఆఫీసులో కూడా ఫోను తీసి చదువుకునేవాడు. బుధవారం రాత్రి వచ్చిన ఒక కామెంట్ దగ్గర మాత్రం ఆగిపోయాడు.

"సార్, మీ సైటు పోతే పొద్దున లేవడానికి నాకు ఇంక కారణం లేదు. ఇన్ని రోజులు తోడున్నందుకు థాంక్స్. ఇదే నా ఆఖరి కామెంట్."

రాసింది రవళి. ఆ పేరు అతనికి బాగా తెలుసు, మనిషి తెలియదు. కొన్నేళ్లుగా దాదాపు ప్రతి పాఠం కింద ఏదో ఒకటి రాసేది. మధురానగర్‌లో హాస్టల్‌లో ఉంటానని, సాఫ్ట్‌వేర్ కోర్సు అయిపోయినా ఉద్యోగం రావడం లేదని, పొద్దున్నే అందరూ లేవకముందు మిద్దె మీదికి పోయి వాయించుకుంటానని ఆ మాటల్లోంచే తెలిసింది. ఆ మధ్య ఇంటర్వ్యూల గురించి రాయడం మానేసింది.

అతను వెంటనే జవాబు రాశాడు. మెయిల్ కూడా పెట్టాడు. గురువారం పలుకు లేదు. శుక్రవారం కూడా లేదు. పోయినేడు పక్క గల్లీలో ఒక హాస్టల్ ముందు అంబులెన్సు ఆగిన పొద్దు అతనికి గుర్తుకు రాసాగింది. ఆ రోజు పాలప్యాకెట్టు చేతిలో పట్టుకుని గుంపులో నిలబడి చూశాడు. లోపలి నుంచి తెచ్చిన కుర్రవాడి మొహం మీద గుడ్డ కప్పి ఉంది.

శనివారం భార్య నిరోషకు చెప్పాడు. ఆమె బ్లౌజు కుట్టడం ఆపి ఆ కామెంట్ రెండుసార్లు చదివింది. పిల్లలు ఏదో రాస్తుంటారులే అని అనబోయి, మూడోసారి చదివింది.

ఆదివారం పొద్దున భానుచందర్ ఒక్కడే మధురానగర్ పోయాడు. ఆ హాస్టల్ కిటికీలోంచి మెట్రో కనిపిస్తుందని, కింద ఇస్త్రీ బండి ఉంటుందని రవళి ఎప్పుడో రాసింది. ఆ గుర్తులు పట్టుకుని నాలుగైదు గల్లీలు తిరిగితే మూడంతస్తుల ఇల్లొకటి దొరికింది. గేటు దగ్గరికి వచ్చిన వార్డెన్ చంద్రావతి అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. రవళి మీకేమవుతుందని అడిగింది. ఏమీ కాదన్నాడు. పోనీ ఎప్పుడైనా చూశారా అంటే, లేదన్నాడు. ఆ మాటలు తన చెవికే ఎబ్బెట్టుగా వినిపించాయి.

"ఆడపిల్లల హాస్టల్ ఇది. ముక్కుమొహం తెల్వనోళ్లకు మేము ఏం చెప్పం. పోతరా, పోలీసోళ్లను పిలవాల్నా?"

చెమటలు పట్టి ఇంటికి వచ్చాడు. సంగతి విని నిరోష చీర మార్చుకుంది. వాన పడేలా ఉందని గొడుగు తీసుకుంది. ఈసారి ఇద్దరూ కలిసి పోయారు.

నిరోష చంద్రావతిని పక్కకు పిలిచి, ఫోనులో ఆ కామెంట్ చదివి వినిపించింది. చంద్రావతి మొహంలో రంగు మారింది. ఇంటికి పోయిందనుకున్నామని, తరచూ అట్లాగే చెప్పకుండా పోతుంటుందని అంటూనే వాళ్లను లోపలికి తీసుకుపోయింది. రవళి గదిలో ఉండే బిందు అప్పుడే తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటోంది. రవళి గురువారం పొద్దున తను లేచేసరికే లేదట. బ్యాగు ఇక్కడే ఉందట. ఫోను ఆ రోజు నుంచీ స్విచ్ఛాఫ్ వస్తోందట. చెబుతూ చెబుతూ ఆ అమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది. ఊరికే పోయి ఉంటుందని తనూ అనుకుందట.

మంచం పక్కన గోడకు ఆనించి గిటార్ ఉంది. ఆ చవక గిటార్ అంచు దగ్గర చెక్క లేచిపోతే అట్టముక్క పెట్టి అతికించారు. భానుచందర్ దాన్ని తాకకుండా అట్లాగే చూస్తూ నిలబడ్డాడు. మనిషి ఊరికి పోతే గిటార్ వదిలి పోతుంది సరే, బ్యాగు కూడా వదిలి పోతుందా? ఆ ఆలోచన రాగానే వాళ్లింటివాళ్ల నంబరేదైనా ఉందా అని బిందును అడిగాడు.

రవళి ఫోను కలవనప్పుడు వాళ్ల నాన్న తన ఫోనుకు చేస్తుంటాడని బిందు అంది. ఆయన పేరు బుచ్చయ్య, జనగామ దగ్గర ఊరు. ఆ నంబరు వెతికి కలిపింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ కలిపింది. మూడోసారి ఎవరో ఆడమనిషి ఎత్తింది. వెనక చాలా గోల వినిపిస్తోంది.

ఆమె చెప్పిందల్లా ఇది: ఈ ఫోను ఒక పేషెంటుది, ఇక్కడ చార్జింగ్ పెట్టి పోయారు, ఇది పంజాగుట్ట పెద్దాసుపత్రి. పేషెంటు ఎవరని బిందు అడిగింది. నాకు తెల్వదమ్మా, ఆపరేషన్‌కు తీసుకపోయిండ్రు అంటుండగానే ఫోను కట్ అయింది.

ఆ పేషెంటు తండ్రా, కూతురా? బిందుతో కలిసి ముగ్గురూ ఆటో ఎక్కారు. వాన మొదలైంది. అమీర్‌పేట చౌరస్తాలో బండ్లు కదలడం లేదు. భానుచందర్ ముందు సీటు వెనక కడ్డీ పట్టుకుని, మూసి ఉన్న షాపుల బోర్డులు ఒక్కొక్కటే చదువుతూ కూర్చున్నాడు. ఒక్క అక్షరం బుర్రలోకి పోలేదు. సైటు మూసేస్తున్నానని రాసిన మాటలు తిరిగి తిరిగి గుర్తుకొస్తున్నాయి. ఎంత పొడిగా రాశాడో. చేతిలో ఫోను గుర్రుమంటూనే ఉంది, అతను జవాబిస్తానన్న మధ్యాహ్నం అప్పటికే మొదలైంది.

ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్లున్న అంతస్తు ఎక్కడో అడిగి తెలుసుకునేసరికి ఇంకాస్త ఆలస్యమైంది. పొడుగాటి వరండాలో జనం చాపలు పరుచుకుని కూర్చున్నారు. బిందు ముందు నడుస్తూ ఒక్కొక్క మొహమే చూస్తోంది. చివరికి గోడవారగా కూర్చున్న సన్నటి అమ్మాయిని చూసి పరుగెత్తింది. రవళి తలెత్తి, "నువ్వెట్లొచ్చినవే?" అంది.

భానుచందర్ పక్కనే ఉన్న బెంచీ మీద కూలబడ్డాడు.

జరిగింది రవళి ముక్కలు ముక్కలుగా చెప్పింది. గురువారం తెల్లవారుజామున ఊరి నుంచి ఫోను వచ్చింది. బుచ్చయ్య కొట్టంలో జారి పడి తలకు దెబ్బ తగిలింది, అంబులెన్సులో హైదరాబాద్ తెస్తున్నారు. కట్టుబట్టలతో పరుగెత్తుకొచ్చింది. ఆటో దిగేటప్పుడు ఫోను వాననీళ్లలో పడి పాడైపోయింది. తల్లి లేదు. వెంట వచ్చిన దాయాదులు మర్నాడే పొలం పనులని వెళ్లిపోయారు. మొదట మందులతో చూద్దామన్నారు. ఈ పొద్దున ఆయన మాట పడిపోతే తలలో గడ్డకట్టిన రక్తం తీయాలని లోపలికి తీసుకుపోయారు. హాస్టల్‌కు చెప్పాలన్న సంగతి గుర్తుకే రాలేదంది. అప్పటిదాకా ఏడవని పిల్ల నిరోష భుజం మీద చెయ్యి వేయగానే ఏడ్చింది.

కాసేపయ్యాక కళ్లు తుడుచుకుని, బెంచీ మీదున్నది ఎవరని బిందును సైగతో అడిగింది. భానుచందర్ నమస్కారం పెట్టబోయి, ఏమనాలో తెలియక, "నేనమ్మా, ఆరు తీగలు" అన్నాడు.

ఆమె లేచి నిలబడింది. గొంతు విని గుర్తుపట్టానంది. మీరెందుకొచ్చారని అడిగితే అతను ఆ కామెంట్ సంగతి చెప్పాడు. ఆమెకు చాలాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"అయ్యో సార్. సైటు బందైతుంది కద, ఇంక కామెంట్ ఏడ రాస్త? అందుకే ఆఖరిది అన్న. పొద్దుగాల లేచుడు గూడ గంతే, పాఠం కోసమే లేస్తుంటి."

"నిజంగ గంతేనా?" అంది నిరోష.

రవళి నేల వైపు చూస్తూ, "అన్ని పొద్దులు ఒక్కతీరు ఉండవు కదక్కా" అంది. తర్వాత మెల్లగా, "కని గట్ల చేసుకునేదాన్ని కాదు. నాయినకు నేను తప్ప ఎవలున్నరు?" అంది.

నిరోష ఆమె చెయ్యి వదల్లేదు.

లోపలి నుంచి ఎవరూ రావడం లేదు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ రవళి అటు తిరిగి చూస్తోంది. ఆ ఎదురుచూపు చూడలేక, పిల్లను కాసేపు మాటల్లో పెట్టాలని భానుచందర్ ఏ పాఠంలో ఆగావని అడిగాడు. చూపుడు వేలు అడ్డంగా పరిచి అన్ని తీగలనూ ఒకేసారి నొక్కి పలికించే కార్డ్, ఆ స్వరాల కూర్పు, తనకు ఏడాదిగా పలకడం లేదని చెప్పింది. వేళ్లలో బలం లేదేమో అంది. నిరోష ఒళ్లోని మడిచిన గొడుగు తీసి ఆమె చేతికిచ్చి, ఎట్లా పడతావో చూపించమన్నాడు.

ఆమె పట్టింది. బొటనవేలు పైకి వచ్చేసింది, మోచెయ్యి పక్షి రెక్కలా బయటికి జరిగింది.

అతను ఆ చేతి వైపు చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్లలో వేలమంది అతని చెయ్యి చూశారు. నేర్చుకునే మనిషి చెయ్యి అతను చూడడం ఇదే మొదలు. బొటనవేలు వెనక్కి, మధ్యకు దించమన్నాడు. మోచెయ్యి ఒంటికి దగ్గరగా తెచ్చుకోమన్నాడు. ఇప్పుడు నొక్కమన్నాడు.

"అయ్యో, గింతేనా?" అంది ఆమె. మొహంలో ఒక్క క్షణం వెలుగొచ్చింది. అంతలో తలుపు చప్పుడైంది, గొడుగు కింద పడింది.

బుచ్చయ్య తాలూకు వాళ్లెవరని నర్సు పిలిచింది. వెనకే వచ్చిన డాక్టరు రక్తం గడ్డ తీశామని, ప్రాణానికి ఇప్పటికి భయం లేదని, స్పృహ వచ్చాకే మాట సంగతి తెలుస్తుందని చెప్పి వెళ్లిపోయాడు. రవళి గోడ పట్టుకుంది. మళ్లీ చెప్పమని బిందును అడిగింది, బిందు ఆ మాటలే మళ్లీ చెప్పింది.

భానుచందర్ టీ తెస్తానని కిందికి దిగాడు. వాన తెరిపి ఇచ్చింది. ఫోను తీస్తే ఆరు కావడానికి కొంచెమే ఉంది, చదవని సందేశాలు బోలెడు. ఏం రాయాలని ఇన్ని రోజులు ఆలోచించుకున్నాడో అందులో ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. టీ బండి పక్కన నిలబడి ఒక్క వాక్యం రాసి సైటులో పెట్టాడు: "ఎవరైనా ఒకరి ఎదురుగా కూర్చుని వాయించండి, మీ చెయ్యి వాళ్లను చూడనివ్వండి." టీ పోసేలోపు ఆరు దాటింది, సైటు మళ్లీ తెరిచి చూశాడు. తెల్లటి పేజీ మీద, మీరు కోరిన చిరునామా దొరకలేదని ఉంది. కొంచెంసేపు దాన్నే చూశాడు. బండివాడు గ్లాసులు అందిస్తుంటే ఫోను జేబులో వేసుకున్నాడు.

బుచ్చయ్యకు నాలుగో రోజున మాట వచ్చింది, కాస్త నత్తిగా. కుడిచెయ్యి పట్టు దొరకడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. ఆయన్ను ఊరికి చేర్చి రవళి తిరిగొచ్చేసరికి వినాయక చవితి మండపాలు లేస్తున్నాయి. ఒక ఆదివారం పొద్దున ఆమె గిటార్ వీపున వేసుకుని, పాఠానికని భానుచందర్ ఇంటి మెట్లెక్కి వచ్చింది.

భానుచందర్ ఆ పొద్దు రెండుసార్లు గడ్డం గీసుకున్నాడు. గోడ మీది దుప్పటి తీసేశాడు. ఎదురుగా కూర్చోవాలో పక్కన కూర్చోవాలో తేల్చుకోలేక గది మధ్యలో స్టూలు పట్టుకుని నిలబడితే, నిరోష వచ్చి అతని చేతిలోంచి స్టూలు తీసుకుని కిటికీ పక్కన వేసింది.