జప్తు చేసిన తలుపు

మా తలుపు ఊడదీసింది మా బాబాయే. ముందు ఆ మాట చెప్పి, మిగతాది తర్వాత చెబుతాను.

పొద్దున పొయ్యి మీద పాలు కాగుతున్నాయి. చిన్నది నా కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడ్డం నేర్చుకుంటోంది. ఉన్నట్టుండి ఇంట్లో వెలుతురు తగ్గింది. తిరిగి చూస్తే గుమ్మంలో పన్నుల వసూళ్ల గుమాస్తా. వెనక ఇద్దరు మనుషులు. వాళ్ళ వెనక పనిముట్ల సంచి పట్టుకుని వడ్రంగి బాబాయ్. మా నాన్నకి పినతల్లి కొడుకు. ఈ వీధిలో తలుపులన్నీ బిగించింది ఆయన చేతులే.

"ఇంటిపన్ను బకాయి. గడువు దాటింది. జప్తు," అన్నాడు గుమాస్తా.

"మా ఆయన కూలి డబ్బులు గోడౌన్లో ఆగిపోయాయండీ. చేతికి రాగానే కట్టేస్తాం."

"గోడౌన్ సంగతి నాకెందుకు?"

"మీకు కాకపోతే ఎవరికండీ? గోడౌన్ మీ కాంట్రాక్టరుదే. పన్నులు వసూలు చేసే వేలంపాటా ఆయనే పాడుకున్నాడు. మాకివ్వాల్సింది ఇవ్వడు, మేం ఇవ్వాల్సింది మాత్రం..."

"నోట్లో మాటలకి కొదవలేదు, చేతిలో డబ్బులే లేవు," అన్నాడు గుమాస్తా. వెనక ఇద్దరూ నవ్వారు.

బాబాయ్ నా మొహం చూడలేదు. కింద బందు దగ్గర గొంతుక్కూర్చుని స్క్రూలు తిప్పడం మొదలుపెట్టాడు.

"పాకే పిల్లుంది బాబాయ్ ఇంట్లో. బయట లారీలు."

ఆయన చెయ్యి ఆగింది. గుమాస్తా దగ్గాడు. చెయ్యి మళ్ళీ తిరిగింది.

"మేకని కట్టేసినట్టు మంచం కోడుకి కట్టెయ్యి," అన్నాడు గుమాస్తా. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో పురుగులా తిరుగుతుంది.

రెండు రెక్కలూ వాళ్ళ బండెక్కాయి. అప్పటిదాకా వీధిలో అన్ని తలుపులూ తెరిచి ఉన్నాయి, వాటిలోంచి తలలు తొంగిచూస్తున్నాయి. బండి కదలగానే తలలు లోపలికి పోయాయి. ఒక్కొక్క ఇంట్లో గడియ పడుతున్న చప్పుడు నేను మా ఖాళీ గుమ్మంలో నిలబడి విన్నాను.

చదువుకునే పిల్లలు అడుగుతారు, అంత బకాయి ఎలా పడిందని. నేను ఏడుతో బడి మానేసినదాన్ని, నాకు తెలిసినట్టే చెబుతాను. మా వీధి ఆడవాళ్ళం చిరిగిన గోనెసంచులు కుడతాం. గోడౌన్ నుంచి కట్టలు వస్తాయి. దబ్బనం మాదే, పురికొస మాదే, నొప్పిపుట్టే నడుమూ మాదే. కుట్టేది ఇంట్లో కూర్చుని కాబట్టి అది ఇల్లు కాదట, వ్యాపార స్థలమట! పన్ను మూడింతలు చేశారు. మేం కుట్టిన సంచుల్లో ధాన్యం నింపే గోడౌన్ మాత్రం పన్నుల ఆఫీసు లెక్కలో పశువుల కొట్టం. అందులో దూడ అరుపు విన్నవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు. అయినా దానికి పన్ను లేదు.

పిల్లని కట్టేశాను. ఇంకేం చేస్తాను? పాత చీర చింపి నడుముకి మెత్తగా చుట్టి, రెండో కొస మంచం కోడుకి ముడేశాను. నేను కుడుతుంటే అది చీర సాగినంత మేర పాకేది. పట్టు తగలగానే ఆగి, నావైపు తిరిగి చూసేది. ఏడ్చేది కాదు. ఏడిస్తే బాగుండేదనిపించేది.

ఒక మధ్యాహ్నం దబ్బనంలోకి దారం ఎక్కించి తలెత్తేసరికి చీర ఒక్కటే నేలమీద ఉంది.

బయట బ్రేకు కీచుమంది. ఎలా పరిగెత్తానో తెలీదు. లారీ ముందు, బంపరు కిందికి తల దూరేంత దగ్గర్లో చిన్నది కూర్చుని, రోడ్డు మీద రాలిన గింజలు ఏరుకుంటోంది. డ్రైవరు దిగి, చక్రం పట్టుకుని కూలబడ్డాడు. "తల్లీ, ఇంకొక్క అడుగు..." అని ముసలాడిలా ఏడ్చాడు.

నేను ఏడవలేదు. చిన్నదానికి అప్పుడే కింది పళ్ళు వస్తున్నాయి. ఆ రోజు నుంచి నా భయానికి కూడా పళ్ళొచ్చాయి.

బ్రేకు చప్పుడికి వీధంతా వచ్చిపడింది. తలుపుంటే తట్టేవాళ్ళు, ఆగేవాళ్ళు, రేపొస్తాంలే అనుకునేవాళ్ళు. తలుపు లేదు కాబట్టి తిన్నగా లోపలికొచ్చి సంచుల కట్టల మీద కూర్చున్నారు. ఆ వేళకి ఇంకో నాలుగిళ్ళ తలుపులు కూడా పోయాయి. తీసినవన్నీ గోడౌన్లోనే పడేశారు.

"చెవులవో ముక్కుదో తాకట్టు పెట్టి కట్టేద్దామమ్మా. పెద్దోళ్ళతో మనకెందుకు?" అంది ఒకామె.

"నీ ఇంటికింకా తలుపుంది కదా, అందుకే అంత శాంతం," అంది మా అత్తమ్మ.

"ముందు ఆ వడ్రంగోడి చేతులు విరిచెయ్యాలి," అన్నాను. వరసకి బాబాయ్ అని కూడా చూడలేదు.

కుట్టుమిషను పెట్టుకుని బతికే మిషనక్క నావైపు తిరిగింది. మొగుడు పోయిన దగ్గర్నుంచి ఎవరికీ జంకని మనిషి. "విరువు. రేపు ఇంకో ఊరి వడ్రంగి వస్తాడు. అతని బకాయి మాఫీ చేస్తామని ఆశపెట్టి తీయించారే పిల్లా. స్క్రూడ్రైవరు అతని చేతిలో ఉంది, ఆ చెయ్యి ఎవరి చేతిలో ఉంది?"

"మరేం చేద్దామంటావ్?"

"ముందు అడుగుదాం. అందరం కలిసి."

మర్నాడే పన్నుల ఆఫీసుకి వెళ్ళాం. పిల్లలతో, సంకలో సంచులతో. కమిషనరు మమ్మల్ని కూర్చోమనలేదు, తను ఫ్యాను కింద కూర్చుని మొహం తుడుచుకుంటూ విన్నాడు.

"రూలు రూలే. ఇంట్లో సంచులు కుడితే వ్యాపారమే. కుట్టడం మానేశామని అందరూ సంతకాలు పెట్టివ్వండి, మామూలు ఇంటిపన్ను వేస్తా. పాత బకాయి కూడా చూస్తాను."

"మానేస్తే తినేదేంటండీ?"

"అది నా శాఖ కాదమ్మా."

మమ్మల్ని వదిలించుకోడానికి అన్న మాట అది. బయటికొచ్చి మెట్ల మీద మేం దిగాలుగా నిలబడితే, మిషనక్క మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

"ఏమైందక్కా నీకు?"

"ఒసేయ్, వినలేదా? సమ్మె చెయ్యమని సాక్షాత్తూ ఆఫీసరే చెప్పాడే!"

సాయంత్రానికల్లా ఏ ఇంటి సంచులు ఆ ఇంటివాళ్ళు మోసుకెళ్ళి గోడౌన్ గేటు ముందు కుప్ప పోశాం. కుట్టినవి, కుట్టనివి, సగం కుట్టి దబ్బనం గుచ్చి వదిలేసినవి. కాంట్రాక్టరు ఫోను చెవిన పెట్టుకునే బయటికొచ్చాడు.

"ఏంటే ఇది? కోతలైపోయి సరుకొచ్చి పడుతుంటే!"

"వ్యాపారం మానేశామండీ. కమిషనరుగారి ఆర్డరు," అంది మిషనక్క చేతులు కట్టుకుని.

"కొవ్వెక్కి కొట్టుకుంటున్నారు. పోండి ఇక్కణ్ణించి!"

మా అత్తమ్మ ముందుకొచ్చింది. గేటు చువ్వల్లోంచి లోపలికి తొంగిచూసి, గొంతు సాగదీసి "అంబా!" అని అరిచింది.

"పిచ్చిదానా, ఏంటది?"

"పశువుల కొట్టం కదా నాయనా! ఒక్క దూడైనా పలుకుతుందేమోనని."

అంతే, గుంపంతా అందుకుంది. అంబా! అంబా! సంకలో పిల్లలూ అరిచారు. గేటు లోపల మూటలు మోసే హమాలీలు నవ్వాపుకోలేక మొహాలు తిప్పుకున్నారు. అందులో మా ఆయనా ఉన్నాడు.

ఇంటికొచ్చాక మాత్రం నవ్వలేదు. "నా కూలీ ఇవ్వడు, నీ కుట్టుకూలీ రాదు. పిల్లకి పాలు ఆ కమిషనరు పోస్తాడా?" అన్నాడు.

"లారీ కింద పడ్డాక పాలతో పనుండదులే," అన్నాను. అనకూడని మాటే, అనేశాను. ఆయన మంచం కోడు దగ్గర కూర్చుని పిల్ల నడుము చుట్టూ ఎర్రగా కమిలిన చోట వేలితో నిమిరాడు. మర్నాటి నుంచి హమాలీలు కూడా భుజానికి సంచి ఎత్తలేదు.

సంచుల్లేక గింజలు గోడౌన్ ఆవరణలో కొండలా పోశారు. పైన ఆకాశం తప్ప కప్పు లేదు. పక్క ఊరి నుంచి కొత్త సంచులూ, మోసే మనుషులూ లారీలో వస్తున్నారని కబురు తెలిసింది. వీధిలో మళ్ళీ కూర్చున్నాం. లారీని ఎలా ఆపాలని ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకుంటుంటే బాబాయ్ వచ్చాడు. చేతిలో అదే పనిముట్ల సంచి.

"థూ" అన్నారు ఎవరో.

"అనండి. పడతాను," అన్నాడు. "బకాయి మాఫీ అన్నారు. నిన్న నా తలుపు కూడా నా చేతే తీయించారు." సంచి కింద పెట్టి, "వాడి కోసం ఇన్ని దింపాను. మీరు చెప్పండి, మిగిలినవి మీ కోసం దింపుతాను. రోడ్డుకి అడ్డం పెడితే వాటిని తొక్కుకుంటూ లారీ రాలేదు," అన్నాడు.

చెవులవి తాకట్టు పెడదామన్న ఆమె అందరికన్నా ముందు లేచింది. "మా ఇంటిదే మొదలుపెట్టు," అంది.

ఆయన్ని నేను క్షమించలేదు. ఇప్పటికీ లేదు. కానీ ఆయన బందులు విప్పుతుంటే రెక్క పడిపోకుండా పట్టుకున్నది నేనే.

గోడౌన్ మలుపు దగ్గర రోడ్డుకి అడ్డంగా తలుపులు నిలబెట్టి, పరిచి, ఒకదానిమీద ఒకటి పేర్చాం. నీలం రంగువి, రంగు పోయినవి, పిల్లలు బొగ్గుతో బొమ్మలు గీసినవి. వాటి వెనక మేం కూర్చున్నాం. మా వెనక హమాలీలు. ఎదురుగా సంచుల లారీ. దాని పక్కన పోలీసు జీపు. ఆకాశంలో మబ్బు పట్టింది.

కాంట్రాక్టరు ఇన్‌స్పెక్టరుతో గుసగుసలాడాడు. లోపలికి మనిషిని పంపాడు. కాసేపటికి ఇద్దరు మనుషులు మా తలుపు మోసుకొచ్చారు. మా తలుపే. కింద మూల ఎలుక కొరికిన చోట నేను కొట్టిన రేకు మెరుస్తోంది.

నా ఎదుట నిలబడి, తొలిసారి నన్ను 'అమ్మా' అన్నాడు కాంట్రాక్టరు. "చూడమ్మా, చిన్నపిల్ల తల్లివి. మొదట నీదే తీశారు, తప్పే. బకాయి కొట్టేస్తాను. ఇప్పుడే మనుషుల్నిచ్చి బిగింపిస్తాను. నువ్వు లేచి ఇంటికెళ్ళు, చాలు. నువ్వు లేస్తే మిగతావాళ్ళు వాళ్ళే లేస్తారు."

చిన్నది నా ఒళ్ళో నిద్రపోతోంది. నడుము మీద మచ్చ ఇంకా మానలేదు. ఆ తలుపు కోసం నేను కల్లోనూ వెతుక్కున్నాను. అది వేసి, గడియ పెట్టి, పిల్లని వదిలేసి, ఒక్కసారి కళ్ళు మూసుకోవాలని ఎంత ఆశో! ఎవరూ నావైపు చూడలేదు. మిషనక్క కూడా నేల చూస్తోంది. లేచినా నన్ను తిట్టరని తెలుసు. అదే కష్టమైంది.

లేచాను. పిల్లని అత్తమ్మకి అందించాను. మోసుకొచ్చినవాళ్ళతో చెప్పాను:

"ఇలా తెండి. ఆ నీలం తలుపు పక్కన సందుంది. అందులో పెట్టండి."

వాళ్ళు కదల్లేదు. నేనొక కొస పట్టుకున్నాను. రెండో కొస మా ఆయన వచ్చి పట్టుకున్నాడు. మా తలుపుతో ఆ సందు మూసుకుపోయింది.

కాంట్రాక్టరు మొహం మాడిపోయింది. "ఎక్కించండి వీళ్ళని!" అన్నాడు. లాఠీలు లేచాయి. మిషనక్కకి చెయ్యి విరిగింది. నన్నూ, తననీ, బాబాయ్‌నీ జీపులోకి తోశారు. అప్పుడే చినుకులు మొదలయ్యాయి, ఆ వెంటనే కుండపోత.

"టార్పాలిన్లు! టార్పాలిన్లు లాగండ్రా!" అని కాంట్రాక్టరు ఆవరణలోకి పరిగెత్తాడు. హమాలీలు చేతులు కట్టుకుని వానలో నిలబడ్డారు. లారీలో వచ్చిన పక్క ఊరివాళ్ళు కూడా, దెబ్బలు తిన్నవాళ్ళని చూసి కిందికి దిగలేదు. కాంట్రాక్టరు మళ్ళీ పరిగెత్తుకొచ్చి జీపు చువ్వలు పట్టుకున్నాడు. "చెప్పవే, నీ మొగుడికి చెప్పు! తిండి గింజలే అవి!"

నిజమే, తిండి గింజలే. ఒక్కొక్క గింజా ఏరుకుని తినే ఇళ్ళు మావి. అయినా నోరు విప్పలేదు. అతని జుట్టులోంచి నీళ్ళు కారడం కళ్ళారా చూశాను. ఇంకా చూడాలనిపించింది.

మమ్మల్ని సోమవారం లాకప్ నుంచి కోర్టుకి తెస్తారు. చిన్నదాన్ని అత్తమ్మ ఎత్తుకొస్తుంది. సమ్మె నడుస్తోంది, లారీ వెనక్కి పోయింది, పక్క వీధివాళ్ళు కూడా సంచులు తెచ్చి గేటు ముందు పోశారట. కార్మికులారా, చదువుకునే పిల్లలారా, మీరూ రండి. కోర్టు నుంచి కాంట్రాక్టరు ఇంటికి నడిచే వెళ్ళొచ్చు. ఆ ఇంటికీ పన్ను కట్టలేదట. టేకు తలుపట, ఇత్తడి బందులట.

బిగించింది మా బాబాయే.