ముద్రలో కుడి చెయ్యి

ఆ రోజు ఇంట్లో ఎవరెవరున్నారంటే, డైరీలో రోజూ మొదట రాసుకునే వరస అదే కాబట్టి ఇప్పుడూ మనసులోనే రాసుకుంటూ కూచుంది లూదియా, ఇంటావిడ ప్రమీలమ్మ టీచరు, ఆళ్లగడ్డ నుంచి చెక్కిన రాయి తెచ్చిన శిల్పి పుల్లయ్య, మద్రాసులో పెట్టే ప్రదర్శనకు బొమ్మలు ఏరుకుపోవడానికి రైలు దిగి వచ్చిన సుందరరాజు గారు, తనను సొంతూరు రుద్రవరం తీసుకుపోదామని వేరుశనక్కాయల సంచితో వచ్చి గడప దగ్గరే కూచున్న అమ్మ హన్నమ్మ, తాను, మొత్తం ఐదుగురు, గుడ్డల మీద అచ్చేసి దండెం మీద ఆరేసిన ఏడు చేతుల్ని లెక్కలోకి తేవాలో వద్దో తెలియలేదు, ఏడూ తన చేతులే, ఆరు ఉండకూడనివి, ఒక్కటే ముద్ర తీస్తా, నా పెట్టెలో పెట్టుకుంటా, ఆమీట రాయికి అడ్డగీటు కొట్టిస్తా, నీ ఎదురుగానే కొట్టిస్తా అనింది టీచరమ్మ, కొట్టించింది కూడా, ఆళ్లగడ్డలో ఈ రెండు కళ్లతో చూసింది, మరి గీటు పడిన రాయిలోంచి ఏడు చేతులు ఎట్లా వచ్చాయి, ఒక్కదాని మీదా గీటు లేదే, దండెం కదిలితే ఏడూ కలిసి కదులుతున్నాయి, రా రా అన్నట్టు.

పన్నెండు రోజులు కూచుంది ఈ ఇంటి కిటికీ కింద, పదో తరగతి పరీక్షలు రాసి నంద్యాలలో పెద్దమ్మ ఇంట్లో ఉన్న వేసవి, ఎనభై ఒకటో సంవత్సరం, మధ్యాహ్నం మూడింటికి వచ్చి ఎడమ చేతిని పీట మీద పెట్టి కదలకుండా, బళ్లో చేరిన నాటి నుంచి గౌను మడతల్లో, ఆ తర్వాత ఓణీ కొంగు కింద దాచుకున్న చెయ్యి, చిటికెన వేలూ ఉంగరం వేలూ కాలి ఒకటిగా అతుక్కుపోయిన చెయ్యి, దాన్ని చూసి అయ్యో అనని మనిషి టీచరమ్మ ఒక్కతే, ఇంకొంచెం వెలుతురులోకి జరుపు మే అనింది, ఈ మడత చూడు, రాతిలో చార మాదిరి ఎంత బాగ పోయిందో అనింది, పెన్సిలు కాగితం మీద గరగరమంటుంటే తన చేతిని ఎవరో మెల్లగా నిమురుతున్నట్టుండేది, ఆ రోజు డైరీలో ఒక్క వాక్యమే రాసుకుంది, నా చెయ్యి బాగుందట, రాసి ఆ పేజీని నాలుగు మడతలు పెట్టింది, ఎవరన్నా చూస్తే ఎట్లా టీచరమ్మా అంటే, పిచ్చిదానా, రాయి మీద ఎడమది ముద్రలో కుడిదైతాది, నీదని ఎవురనుకుంటారు అని నవ్వింది, ఆ నవ్వు కూడా నిజమనే అనుకుంది.

అసలు తప్పు గంజి దగ్గర జరిగింది, కాగితం మీది ముద్రలంటే విసుగు పుట్టి, పాత చీర పీలికలకు చిక్కగా గంజి పెట్టి వాటి మీద వేసి చూద్దామని టీచరమ్మ కుంపటి మీద గంజి కాచింది, పొగలు కక్కుతున్న గిన్నెను పక్కకు తెచ్చేసరికి లూదియా చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది, గంజేనా అనింది టీచరమ్మ, ఇంకేమీ అడగలేదు, అడిగి ఉంటే చెప్పేది కాదేమో, పాప ఆడుకుంటా ఆడుకుంటా గంజిలో చెయ్యి పెట్టింది, అమ్మ అవ్వకు అట్లే చెప్పింది, ఆసుపత్రిలో నర్సుకు అట్లే చెప్పింది, చర్చిలో లేచి నిలబడి ప్రార్థన చేయమని అడిగినప్పుడూ అట్లే చెప్పింది, నాయన తలొంచుకుని ఔననేవాడు, కానీ కొట్లాటలో అమ్మ నాయన మీదికి గంజి కుండ విసిరింది, నాయన పక్కకు తప్పుకున్నాడు, వెనక నాలుగేళ్ల తాను, బిడ్డకు గుర్తులేదని అమ్మ నమ్మకం, ఆ నమ్మకాన్ని పదకొండేళ్లు కాపాడింది లూదియా, గంజి అన్నప్పుడల్లా ఏమీ తెలియని మొహం పెట్టి, డైరీలో కూడా రాయకుండా, అట్లాంటి మాటను ఆ కిటికీ కింద చెప్పేసింది, ఈ మాట ఈ గది దాటదు మే అనింది టీచరమ్మ.

గీసిన చేతిని రాతి మీద చెక్కించడానికి ఆళ్లగడ్డకు రెండుసార్లు పోయారు బస్సులో, పుల్లయ్య కొట్టంలో రాతిదుమ్ము, సగం చెక్కిన దేవుళ్లు, ఒక మూల బోర్లా పడి ఉన్న బొమ్మలు, చీలిక పడితే పూజకు పనికిరాదు పాపా, ఎవురూ ఎత్తకపోకుండా అడ్డంగా ఉలిదెబ్బ కొట్టి పారేస్తాం అన్నాడాయన, అది విన్న టీచరమ్మే మన రాయికీ అట్లే చేపిద్దాం అనింది, రెండోసారి పోయినప్పుడు సిరా అంటిన నాపరాయి గోనెపట్టా కింద సగమే కనబడింది, ఉలి దిగింది, సగం చూసి చాలనుకుంది, పట్టా ఎత్తమని అడగడానికి నోరు రాలేదు, పెద్దవాళ్లను అట్లా అడుగుతారా.

ఇంకెన్ని తీయొచ్చు అని సుందరరాజు గారు అడుగుతున్నారు, ఎన్ని కావల్నంటే అన్ని సార్, అంటున్నాడు పుల్లయ్య, ఆ పొద్దు గీటు కొట్టింది మొదుట్లో చెడిపోయిన రాయికి గదా, ఇది బంగారం మాదిరి ఉండాది, అన్నాడు, ఏ పాపమూ తెలియని గొంతుతో, టీచరమ్మ తల ఎత్తలేదు, రోలరుకు అంటిన సిరాను కిరసనాయిలు గుడ్డతో తుడుస్తూనే ఉంది, తుడిచిన చోటే మళ్లీ తుడుస్తోంది, అమ్మ మాత్రం దండెం వైపు మెడ చాచి చూసి, ఎవురి బిడ్డో పాపం, కుడి చెయ్యే కాలిపోయిండాది, ముద్ద ఎట్ల తింటాదో అనింది, లూదియా ఊపిరి వదిలింది, ముద్రలో కుడిదైతాది, ఆ మాటొక్కటన్నా నిజమైంది, ఇంక లేచి అమ్మతో బస్టాండుకు పోతే చాలు, అనుకునేలోపల సుందరరాజు గారు కళ్లద్దాలు సర్దుకుని గుడ్డ అంచున పెన్సిలుతో రాసిన అక్షరాల మీదికి వంగారు, అమ్మకు చదువు రాదు, చదువు రానివాళ్ల ముందు ఆయన గట్టిగా చదివారు, అమ్మ విసిరిన గంజి, ఏడింటిలో ఒకటి, పేరు బాగుందమ్మా, ఎక్కడ పట్టినావు దీన్ని.

ఏదో తట్టింది సార్ అనింది టీచరమ్మ, అమ్మ దండెం మీది కుడి చేతిని ఇంకోసారి చూసింది, ఆ తర్వాత ఓణీ కొంగు కిందికి చూసింది, నీకు గుర్తుండాదా మే, అంత చిన్న గొంతు అమ్మ దగ్గర ఉందని ఎప్పుడూ తెలియదు, లేదమ్మా అనాలి, పదకొండేళ్లు అన్నట్టే అనాలి, కొంగు కింది చేతిని ఇంకా లోపలికి లాక్కుంది, అమ్మ లేచింది, వేరుశనక్కాయల సంచి అక్కడే ఉంది, గడప దాటింది, లూదియా వెంట పరుగెత్తి తలుపు చట్రం పట్టుకుంది, వెనక టీచరమ్మ ఏదో పిలుస్తోంది, ఏం పిలిచినా ఏముంది, ఆమె తీసుకున్నది చెయ్యి, ఏడుసార్లు తీసుకుంది, ఇంకో వంద తీసుకుంటుంది, కానీ గంజి ఆమె తీసుకోలేదు, తానే ఇచ్చింది, తనది కాని దాన్ని, అమ్మదాన్ని, చెయ్యి బాగుందన్న ఒక్క మాటకు ఇచ్చేసింది, అమ్మా అనింది, అమ్మ వెనక్కి తిరిగింది, చెయ్యి తలుపు సందులో పడుతుందని కాబోలు, కొబ్బరినూనె రాసే రోజుల్లో పట్టుకున్నట్టే ఆ అతుక్కున్న రెండు వేళ్లనూ మెత్తగా పట్టుకుని, చట్రం మీద నుంచి తీసి, లోపలికి పెట్టి, తలుపు మూసింది.