ముదరనీ అన్న మాట

కాయ మీద బొటనవేలు ఆనించి ఇంకెన్నాళ్లు చెట్టున ఉంచాలో చెప్పేస్తాడు తోటాయన. అక్క కంటి విషయంలోనూ అలాగే తీర్పు చెప్పేశాడు. కుడికంట్లో పొర వచ్చిందంటే, పచ్చిమీద కోయిస్తే పాడవుతుంది, ముదరనీ అన్నాడు. ఎడమకన్ను చిన్నప్పుడే పోయింది. ఉన్న ఒక్క కంటితో బట్టలు కుట్టి బతికే మనిషి, తమ్ముడి మాట మీద ఆగిపోయింది.

తోటలో రెండు కాపులు కోసేశారు. ఆలోగా ఆమె గుమ్మం పక్కలకు భుజాలు కొట్టుకోవడం మొదలుపెట్టింది. అదీ పొర ముదరడమేలే అనుకున్నాడు.

చివరికి కంటాసుపత్రికి తీసుకెళితే, శుక్లంతో పాటు నీటికాసులూ ఉన్నాయని డాక్టరమ్మ చెప్పింది. కంట్లో ఊరే నీరు సరిగా బయటికి పోక, ఒత్తిడి పెరిగి, చూపు నరాన్ని తినేసిందట. రెండింటికీ ఒకేసారి ఆపరేషన్ చేస్తానంది. శుక్లం తీసి లెన్సు పెడుతుంది, నీరు పోవడానికి పైరెప్ప చాటున సన్నని దారి చేస్తుంది. ఎదురుగా ఉన్నవి తేటపడతాయి. పక్కచూపు పోయింది పోయినట్టే. మిగిలింది పోకుండా ఉండడానికే ఆ దారి.

"ఇన్నాళ్లూ ఎందుకు ఆగారమ్మా?" అని అడిగింది.

తోటాయన గోడమీది కంటిబొమ్మ వంక చూశాడు.

"భయమేసిందండీ," అంది అక్క.

అతను ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ బయట బల్లమీద కూర్చుని, బొటనవేలిని పిడికిట్లో మూసుకున్నాడు.

వారాలు గడిచి చూపు నిలదొక్కుకున్నాక మళ్లీ చూపించుకోవడానికి వెళ్లారు. ఒత్తిడి తగ్గింది. డాక్టరమ్మ ఎదురుగా వేళ్లు చూపిస్తే అక్క గబగబా చెప్పేసింది. పక్క నుంచి చూపిస్తే, ఇంకా చూపించలేదేమోనని ఊరుకుంది.

బయటికొచ్చాక ఒక సైకిలు ఆమె భుజాన్ని ఒరుసుకుపోయింది. అది ముందుకు వచ్చేదాకా ఆమెకు లేనే లేదు. ఉలిక్కిపడి గోడకు అంటుకుపోయింది.

"ముదరనీ అన్నది నేను. ఆ రోజు డాక్టరమ్మతో భయమేసిందని నీ మీదెందుకు వేసుకున్నావక్కా?"

"నువ్వు చెబుతావేమోనని కాసేపు చూశాన్రా. నువ్వు గోడకేసి చూస్తున్నావు. ఇంక నేనే అనేశా."

అతను సైకిలు పోయిన వైపు చూస్తూ నిలబడ్డాడు.

"చెప్పుంటే మాత్రం ఆవిడేం చేసేది? నిన్ను కూడా బల్లమీద పడుకోబెట్టి కోసేదా?"

"కోసినా బాగుండేది."

"చాల్లే. బట్టలివ్వడానికి వీధులన్నీ ఒక్కదాన్నే తిరిగేదాన్ని. ఇక నువ్వే నాతో రావాలి. పక్కన నడిస్తే కనపడవు. ముందు నడు."

ముందు నడిచాడు. వెనక ఆమె అడుగులు వినపడుతూనే ఉన్నాయి. ఆ కంటికి ఇప్పుడు ఎదురుగా ఉన్నది తన వీపొక్కటే. ఇల్లు చేరేదాకా అతను మెడ తిప్పలేకపోయాడు.