శిక్షకురాలు రాని రోజు

ఏటి నీళ్లు పిక్కలను కొరుకుతుండగా బురుల్చా వంగి మరో రాయిని తిప్పింది. అడుగున అంటుకున్న పురుగులను కుంచెతో తెల్లపళ్లెంలోకి దులిపి, రాయిని మళ్లీ దాని చోటే పెట్టింది. పర్యావరణ పాఠాల శిక్షణకు టీచర్లు వచ్చినప్పుడల్లా, పంతొమ్మిదేళ్లుగా, ఆమె పని ఇదే: పురుగులు పట్టడం, పళ్లేలు మోయడం, ఆపైన టీ పోయడం. వేళ్ల కణుపులు వాచి ఉంగరం ఎక్కడం మానేసి చాలాకాలమైంది. ఇప్పుడు చేతులకు చలి తెలియదు. చాలా సంగతులు తెలియవు.

రాత్రి మంచు పడి కనుమదారి మూసుకుపోయింది. కొండల అవతల రాజధాని బిష్కెక్ నుంచి రావలసిన శిక్షకుడు రాలేదు.

"నువ్వే చెప్పెయ్ అక్కా," అన్నాడు అధికారి తాలంత్ ఫోనులో. "సాయంత్రం టీచర్లు అభిప్రాయాల కాగితాల మీద బాగుందని రాస్తే వసంతం నుంచి పాఠం చెప్పే పని నీదే. లేదంటే పట్నం వాళ్లు తమ మనిషినే తెచ్చుకుంటారు. ఇద్దర్ని నేను పోషించలేను, నువ్వు మానుకోవాల్సి వస్తుంది."

చెప్పింది.

"దీని తోకకి రెండు పోగులున్నాయి, చూశారా? ఇది బతికుంటే ఆ నీళ్లు పసిబిడ్డకైనా పట్టొచ్చు. కనబడలేదా, పైన ఎవడో గొర్రెల్ని మందునీళ్లలో ముంచేశాడన్నమాట."

"మా బావే అయ్యుంటాడు!" అన్నదొక టీచరమ్మ. పద్నాలుగు మంది టీచర్లూ పళ్లెం చుట్టూ మూగి నవ్వారు. బురుల్చాకు సంతోషం కలిగింది. ఎన్నాళ్లకో గుమ్మంలోకి వచ్చిన చుట్టాన్ని పోల్చుకున్నట్టు, దాన్ని పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది.

భోజనాల దగ్గర అందరికన్నా పెద్ద, హెడ్మాస్టరు అసన్‌బెక్, గుమ్మానికి ఎదురుగా ఉన్న పెద్దల చోటు చూపించాడు. "ఇలా పైకి రా చెల్లీ, నీ చోటిది."

పిలిచి పీట వేస్తే కూర్చోవడం కూడా రావాలి. ఆమె కాళ్లు గుమ్మం పక్కన, చిన్న కోడలు కూర్చునే చోట, టీ నీళ్లు మరిగే సమోవార్ దగ్గరికే నడిచాయి.

"నాకిక్కడే బాగుంది అన్నయ్యా."

మొదటి గిన్నె టీ అయ్యేదాకా పురుగుల గురించి అడిగారు. మూడో గిన్నెకు, "అక్కా, ఇంకాసిని పాలు," అన్నారు.

సాయంత్రం టీచర్లు రాసిచ్చిన కాగితాలన్నిటిలో ఇంచుమించు ఒకటే మాట: 'శిక్షకుడు రాలేదు. టీ పోసే అక్క కబుర్లతో పొద్దుపోయింది.' అందులో చెడ్డ బుద్ధేమీ లేదు. పొయ్యి పక్కనే మండుతోంది; అయినా ఆమె కాగితాలను అందులో పడెయ్యకుండా సర్ది, అప్పుడే వచ్చిన తాలంత్ చేతికిచ్చింది.

"పాఠం చెప్పింది నువ్వే కదా? ఆ మాట వాళ్లతో అనలేదా?" అన్నాడతను.

"అప్పుడు టీ పోస్తున్నాను," అంది.

శిక్షణ గది తాళంచెవి బల్ల మీద పెట్టి, ఆఖరి బండి ఎక్కి వెళ్లిపోయింది. ఏడవలేదు.

టీచర్లు మెడలోంచి తీసి వెళ్లిన పేరుచీటీలను తాలంత్ పెట్టెలో సర్దుతున్నాడు. అడుగున, కొత్త ఎర్రదారం కట్టి, ఎవరూ వేసుకోని చీటీ ఒకటి ఉంది. గుండ్రని పెద్ద అక్షరాలు, ఆమె చేతిరాతే: 'బురుల్చా, శిక్షకురాలు.'