వెనక్కి నడిచే మనిషి

ఆకులు లాగే పళ్ళ దంతె పిడిని రెండు అరచేతుల మధ్య ఒకసారి తిప్పి చూసుకుని ఆయన భుజానికెత్తుకున్నాడు. కొత్తది, పాతదానికంటే మూరెడు పొడుగు. "ఇక నడుం వంచక్కర్లేదు నాన్నా," అంటూ కూతురు నిన్ననే కొనిచ్చింది.

"ఏం బాబాయ్, ఇవాళైనా మనుషుల్లా ముందుకు నడుస్తావా?" అంది అభయారణ్యం గేటు దగ్గరి కావలి మనిషి.

"ముందుకు నడిస్తే ఊడ్చిందంతా నేనే తొక్కాలి కదమ్మా."

"నీ చాదస్తానికో దండం. ముందు మలుపులో గుంత దగ్గర తాడు కట్టెయ్. రేపు పొద్దున్నే బడిపిల్లలొస్తున్నారు."

"వరసలో దానికీ వస్తాను. తొందరపడితే పనికి మర్యాదుండదు."

నలభై ఏళ్ళు తపాలా కార్యాలయంలో ఉత్తరాలు అరల్లోకి విసిరిన చేతులవి. చూడకుండానే విసిరేవి, తప్పకుండా లెక్కపెట్టేవి. ఆ ఉత్తరాల్లో తన పేరు మీద వచ్చినవి వేళ్ళమీద లెక్కించవచ్చు. విరమణ తరువాత, జీతం లేని ఈ పనికి తనంతట తానే వచ్చి చేరాడు. కాలిబాట మీది ఆకులు లాగి, మట్టిని పలకలా చదును చేస్తే, రాత్రి నడిచిన జంతువుల అడుగులు తెల్లవారి చదువుకోవచ్చు. అందుకే ఆ చివర మొదలుపెట్టి, తన అడుగుల్ని తానే చెరుపుకుంటూ, గేటువైపు వెనక్కి నడుస్తాడు.

వెళ్ళేటప్పుడు మలుపులో గట్టును రాసుకుంటూ గుంత దాటాడు. వారం రోజుల వానకు బాట అంచు లోయలోకి జారిపోయింది. దాటేముందు మేకులూ తాడూ ఇవతలే దించి, తొంగిచూశాడు. నిన్నటికంటే వెడల్పయింది. ఆయన చూస్తుండగానే ఒక గడ్డిదుబ్బు చప్పుడు లేకుండా వంగి, కిందికి వెళ్ళిపోయింది.

బాట చివర నుంచి మలుపుకు మూడు వందల లాగుళ్ళు. పదేళ్ళ లెక్క, ఏనాడూ తప్పలేదు. రెండు వందల డెబ్బైకి ఆగి తిరిగితే సరిపోతుంది.

ఒకటి. రెండు. దంతె సుతారంగా నడిచింది; నడుం నిజంగానే నొప్పిపెట్టలేదు. పొడుగు పిడి ప్రతి లాగుడుకూ మరో జానెడు నేలను కలుపుకుంటున్నదని చేతులకు తెలుసు, లెక్కకు తెలియదు. నూట యాభై దగ్గర పిట్టల అరుపులు ఆగిపోయాయి. గాలి కూడా లేదు. చెమట కళ్ళలోకి దిగింది. ఎదురుగా బాట అద్దంలా ఉంది. దాన్ని చూస్తూ, కూతురిని సాయంత్రం ఏమని మెచ్చుకోవాలో వెతుక్కున్నాడు. పొగడటం ఆయనకు అలవాటు లేని విద్య.

రెండు వందల ఇరవై. వెనుక చిన్నరాళ్ళు దొర్లిన చప్పుడయింది. కోతులై ఉంటాయి. వాటికేం పని, అనుకున్నాడు.

రెండు వందల ఇరవై ఒకటి.

పొద్దు వాలకముందే కావలి మనిషి వెతుక్కుంటూ వచ్చింది. గుంత ఇప్పుడు బాటను గట్టుదాకా మింగేసింది. దానికి అవతల నేల మీద దంతె పళ్ళ గీతలే తప్ప ఒక్క అడుగూ లేదు. కింద, రాళ్ళ మధ్య, తెల్లటి బనీను.

"బాబాయ్!" అంది.

ఈల మూడుసార్లు ఊది, మనుషులు వచ్చేలోగా మేకులు పాతి, బాటకు అడ్డంగా తాడు కట్టింది.

అప్పుడు చూసింది. గట్టు పక్కన బండమీద, పనిలోకి దిగేముందు విప్పిపెట్టిన ఆయన చొక్కా, ఉత్తరంలా నాలుగు మడతలు పెట్టి ఉంది. గాలికి ఎగరకుండా పైన ఒక చిన్న రాయి.